కోతకాలంలోనైనా సరే

(గుంటూరు ప్రాంతంలోని ఒక పల్లె కతోలిక విచారణలో, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే చర్చి పరిధిలో, ఫిబ్రవరి నెల ఆదివారం మధ్యాహ్నం జరిగిన కుటుంబాల సదస్సులో ఒక రిటైర్డ్ మాస్టారు చేసిన ప్రసంగ పాఠం.)

ఫాదర్ గారికి స్తోత్రం. సిస్టర్లకి, పెద్దలకి, వెనక గోడకి ఆనుకుని కూర్చున్న మన కుర్రాళ్ళకి కూడా నమస్కారం.

గుణదల తిరునాళ్ళ నుంచి మొన్ననే వచ్చారు, కాళ్ళ నొప్పులు ఇంకా తగ్గి ఉండవు. పొద్దున పూజ, మధ్యాహ్నం కోడికూర, ఇప్పుడు మూడింటికి నా ప్రసంగం. ఇంట్లో పడుకోవాల్సిన వాళ్ళని పిలిపించి, విశ్రాంతి గురించి చెప్పండి మాస్టారూ అన్నారు ఫాదర్ గారు. ఎవరికైనా కునుకు పట్టిందనుకోండి, నేనేమీ అనుకోను. అంశం నాకంటే మీకే బాగా తెలుసనుకుంటాను. (నవ్వులు)

విశ్రాంతి అనగానే మనకి అలసట గుర్తొస్తుంది. ఆరు రోజులు చేశాం, ఒళ్ళు పులిసిపోయింది, ఏడో రోజు నడుం వాలుద్దాం. మంచిదే. కానీ దానికి దేవుడి ఆజ్ఞ ఎందుకండీ? ఎద్దు అలిసిపోతే ఎవరూ చెప్పకుండానే పడుకుంటుంది. ఆజ్ఞ ఎప్పుడు కావాలంటే, పడుకోవడానికి భయమేసినప్పుడు. ఇవాళ మానేస్తే రేపు ఏమైపోతుందో అని గుండెలో గుబులుంటుంది చూడండి, అప్పుడు.

పది ఆజ్ఞలు బైబిల్లో నిర్గమకాండం 20లో ఉన్నాయని సత్యోపదేశం, అంటే మత పాఠాలు, నేర్చుకునే పిల్లలకి కూడా తెలుసు. మన కతోలికుల లెక్కలో ఈ విశ్రాంతి ఆజ్ఞ మూడోది. అదే గ్రంథం 34వ అధ్యాయం 21వ వచనం మాత్రం మనం పెద్దగా పట్టించుకోం. అక్కడ ఏముందంటే, ఆరు రోజులు పని చెయ్యి, ఏడో రోజు మానెయ్యి, దుక్కులకాలంలోనైనా సరే, కోతకాలంలోనైనా సరే. ఈ చివరి మాట ఎందుకు చేర్చాలి? రాయించినాయనకి వ్యవసాయం తెలుసు కాబట్టి. దుక్కులు లేవు, కోతలు లేవు, అరుగు మీద కూర్చుని పేకాడుకునే రోజుల్లో ఎవరైనా విశ్రాంతి పాటిస్తారు. అదను దాటిపోతుంటే పాటించేవాడెవడు?

ఒక చమత్కారం చూడండి. 321వ సంవత్సరం మార్చి 7న రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆదివారం సెలవు చట్టం చేశాడు. న్యాయాధికారులు, పట్నాల జనం, చేతివృత్తుల వాళ్ళు విశ్రాంతిగా ఉండాలన్నాడు. పల్లెల్లో సేద్యం చేసేవాళ్ళకి మాత్రం మినహాయింపు ఇచ్చాడు. విత్తనానికి, ద్రాక్ష నాటడానికి అదను తప్పిపోతుందేమోనని. పాపం, రైతు మీద జాలితోనే చేశాడు. కానీ పోల్చి చూడండి. చక్రవర్తికి అదను గురించి భయం ఉంది. మోషేతో మాట్లాడిన దేవుడికి ఆ భయం లేదు.

భయం మనకుంది. నాకుంది. మా నాన్నకి ఉండేది కాదు. ఉండేదేమో, బయటికి కనపడేది కాదు.

మా నాన్న రెండెకరాలు కౌలుకి చేసేవాడు. మిరప. నాకు పదేళ్ళప్పుడు సంగతి. మార్చి నెల, చెట్ల నిండా పండు కాయ. శనివారం సాయంత్రం ముఠా మేస్త్రి వచ్చి, "రేపు ఖాళీగా ఉన్నాం, కోసేస్తాం" అన్నాడు. నాన్న, "సోమవారం రండి" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి గిన్నె గట్టిగా దించింది. మా ఇంట్లో అభ్యంతరం చెప్పే పద్ధతి అదే. (నవ్వులు) ఆదివారం పూజకి వెళ్ళొచ్చాం. సాయంత్రానికి పడమర నల్లబడింది. కురిసింది. చెట్టు మీద ఉన్న కాయ తడిసి, తర్వాత కోస్తే సగం తాలు.

ఇక్కడ నేను అబద్ధం చెప్పకూడదు. పక్క చేను వాళ్ళు ఆ ఆదివారమే కోసుకుని, కాయ ఇంటికి చేర్చుకున్నారు. వాళ్ళ కాయ మిగిలింది. దేవుడు మా చేను మీద గొడుగు పట్టలేదు. ఆదివారం పాటిస్తే వాన మన గట్టు దగ్గర ఆగిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. అది విశ్వాసం కాదు, బేరం.

ఆ రాత్రి జరిగింది ఏంటంటే, నాన్న అన్నం తిన్నాడు, జపమాల చెప్పించాడు, వసారాలో నులకమంచం మీద పడుకుని నిద్రపోయాడు. అమ్మ నిద్రపోలేదు. నేను మధ్యలో పడుకుని నాన్న గురక, అమ్మ నిట్టూర్పులు రెండూ విన్నాను. చాలా ఏళ్ళ తర్వాత మార్కు సువార్త 4వ అధ్యాయం క్లాసులో చెబుతుంటే ఆ గురక గుర్తొచ్చింది. పడవలోకి నీళ్ళొచ్చేస్తున్నాయి, ప్రభువు వెనక భాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడు. శిష్యులు లేపి, మేం చచ్చిపోతున్నా నీకు పట్టదా అన్నారు. అదీ మా అమ్మ గొంతు. కౌలు ఆ ఏడు పూర్తిగా కట్టలేదు. మరుసటేడు కట్టాం. అంతే కథ.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను. వానలు, తెగుళ్ళు వస్తే "ఆదివారం పని చేశారు, దేవుడు కొట్టాడు" అనే పెద్దలు మనలో ఉన్నారు. ఫ్రాన్సులో లా సాలెట్ కొండ మీద 1846 సెప్టెంబర్ 19న పశువుల కాపరులు ఇద్దరికి, 14 ఏళ్ళ మెలనీకి, 11 ఏళ్ళ మాక్సిమిన్‌కి, మరియతల్లి కనిపించిందని శ్రీసభ 1851లో అంగీకరించింది. ఆ దర్శనంలో ఆదివారం మాట ఉంది, బంగాళాదుంపలు కుళ్ళిపోవడం మాట కూడా ఉంది. దాన్ని బెదిరింపుగా వాడేవాళ్ళు ఒక్కటి మర్చిపోతారు. పిల్లలు చూసేటప్పటికి ఆ తల్లి రాయి మీద కూర్చుని, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడుస్తోంది. బెదిరించడానికి వచ్చిన మనిషి అలా కూర్చోదు. ఏడు రోజుల్లో ఒక్కటి కూడా ఇవ్వరా అని అడగడానికి వచ్చింది.

సరే, మన్నా దగ్గరికి వస్తాను. నిర్గమకాండం 16. ఐగుప్తు నుంచి బయటపడ్డ జనం ఎడారిలో ఆకలేసి సణిగారు. పొద్దున్నే మంచు ఆరిపోగానే నేల మీద పల్చగా, తెల్లగా ఏదో కనిపించింది. అదే మన్నా, దేవుడిచ్చిన తిండి. మనిషికి ఒక ఓమెరు, అంటే ఇంచుమించు 2 లీటర్ల కొలత, ఏరుకోమన్నారు. రేపటికి దాచొద్దన్నారు. దాచారు. దాచకుండా ఉంటారా? నిన్నటిదాకా బానిసలు, రేపు దొరుకుతుందో లేదో తెలీదు. పొద్దునకి పురుగులు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజు మాత్రం రెండు ఓమెర్లు దొరికాయి. అది దాస్తే పురుగు పట్టలేదు. ఏడో రోజు ఏరడానికి ఏమీ ఉండదు, ఇంట్లో కూర్చోండి అన్నారు. అయినా కొందరు ఏడో రోజు గిన్నెలు పట్టుకుని వెళ్ళారు. 27వ వచనం. ఇంట్లో నిండా ఉంది, అయినా వెళ్ళారు. నాకు ఆ కొందరు బాగా తెలుసండి. అందులో ఒకడు నేను.

దీంట్లో నేను చాలాకాలం గమనించనిది ఒకటుంది. ముందు రెట్టింపు వచ్చింది, తర్వాత విశ్రాంతి వచ్చింది. దేవుడు ఖాళీ కుండ ముందు కూర్చోబెట్టి, నన్ను నమ్ము అనలేదు. కుండ నింపి, ఇప్పుడు చేతులు దించు అన్నాడు. ఈ వరస నాకు ఎలా అర్థమైందో చెప్తాను. చెప్పడానికి సిగ్గేసే సంగతి. ఫాదర్ గారికి పాపసంకీర్తనంలో ఎప్పుడో చెప్పాను, ఇవాళ మీ ముందు చెబుతున్నాను.

రిటైరయ్యాక నేను కూడా ఒకటిన్నర ఎకరం మిరప వేశాను. ఒక ఏడు ధర బాగుంది. ధర బాగుంటే రైతుకి నిద్ర పట్టదు, పడిపోతే ఎలాగూ పట్టదు. (నవ్వులు) మేస్త్రితో, "ఆదివారం కూడా కోయించెయ్, నేను పూజ అయ్యాక వస్తా" అన్నాను. చూడండి ఆ మాట. నేను పూజకి వెళ్తా, నువ్వు కోయించు. నా మూడో ఆజ్ఞ నాకు భద్రం. తెల్లచొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాను.

ఆ రోజు పూజలో బైబిలు మొదటి పఠనం చదవాల్సిన అమ్మాయి రాలేదు. మన విచారణలో పఠనం చదివే అమ్మాయిల్లో అంత స్పష్టంగా చదివేది ఆమే. ఫాదర్ గారు పీఠం దగ్గర నుంచి అటూ ఇటూ చూశారు, చివరికి ఒక కుర్రాణ్ణి పంపారు. వాడు ప్రవక్తల పేర్ల దగ్గర తడబడ్డాడు. నేను మనసులో విసుక్కున్నాను, ఈ కాలం పిల్లలకి బాధ్యత లేదని.

పదకొండింటికి చేనుకి వెళ్ళాను. మిరప చెట్ల మధ్య, నడుముకి ఒడి కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని ఆ అమ్మాయి. కాయ కోసి కోసి చేతులు మండితే కొబ్బరినూనె రాసుకుంటోంది. నేను అడిగాను, "ఏమ్మా, పూజకి రాలేదేం?" అని. ఆమె తలెత్తి, కోపం లేకుండా, "మీ చేలోనే ఉన్నా కదా మాస్టారూ" అంది. కాసేపాగి, "మొదటి పఠనం ఎవరు చదివారు? పేర్లు సరిగ్గా పలికారా?" అని అడిగింది.

(కాసేపు మౌనం)

మన ఊళ్ళో ఎవరి చేను, ఎవరు కూలి అనేది ఏ వాడ వాళ్ళని బట్టి ఉంటుందో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. చేను వాళ్ళూ మనమే, కూలి వాళ్ళూ మనమే. ఒకే సత్ప్రసాదం తీసుకుంటాం. ద్వితీయోపదేశకాండం 5లో పది ఆజ్ఞలు మళ్ళీ వస్తాయి. అక్కడ విశ్రాంతికి కారణం మారుతుంది. నిర్గమకాండంలో, దేవుడు ఆరు రోజుల్లో సృష్టించి ఏడో రోజు విశ్రమించాడు కాబట్టి అని ఉంది. ఇక్కడేమో, నువ్వు ఐగుప్తులో బానిసగా ఉన్నావు, గుర్తుంచుకో అని ఉంది. నీ దాసుడు, నీ దాసి కూడా నీలాగే విశ్రమించాలి. ఎద్దు, గాడిద కూడా. అంటే ఆ ఆజ్ఞ ఎవరికి చెప్పారు? పనిచేసేవాడికన్నా ముందు, పని చేయించేవాడికి.

ఐగుప్తు రాజు ఫరో ఏమన్నాడో గుర్తుందా? మోషే వెళ్ళి, మా దేవుణ్ణి ఆరాధించుకోవడానికి సెలవియ్యి అంటే, ఇటుకలకి గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. పైగా, మీరు సోమరిపోతులు, అందుకే ఆరాధన అంటున్నారు అన్నాడు. ఆ ఆదివారం నా నోట్లోంచి "బాధ్యత లేని పిల్లలు" అని వచ్చిందా లేదా? ఫరో మాటే, గుంటూరు యాసలో.

304వ సంవత్సరంలో ఆఫ్రికాలో, ఇప్పటి ట్యునీషియా ప్రాంతంలో, అబిటినే ఊళ్ళో 49 మంది క్రైస్తవుల్ని పట్టుకున్నారు. డయోక్లీషన్ చక్రవర్తి నిషేధించినా ఆదివారం ఒక ఇంట్లో కూడుకున్నారని. కార్తేజిలో అధికారి అనులీనుస్ అడిగితే, వాళ్ళలో ఎమెరితుస్ అనే ఆయన, ప్రభువు దినం లేకుండా మేం బతకలేం అన్నాడు. వాళ్ళు ప్రాణాలిచ్చారు. ఈ కథని మనం ఎప్పుడు చెప్తాం? పూజకి రాని కూలివాళ్ళకి చెప్తాం. చూశారా, వాళ్ళు చచ్చినా మానలేదు, మీరు కూలి కోసం మానేస్తున్నారు అని. నేనూ చెప్పేవాణ్ణి. ఆ రోజు చేను గట్టు మీద నిలబడ్డాక ఆ కథలో నా చోటేదో తెలిసింది. నేను ఎమెరితుస్‌ని కాదు, అనులీనుస్‌ని. ఆమె ఆదివారం తీసేసుకున్నది నేను.

శ్రీసభ బోధలన్నీ ఉన్న సత్యోపదేశ గ్రంథం 1992లో వచ్చింది కదా, దాంట్లో 2185 నుంచి 2187 దాకా పేరాలు చదవండి. కుటుంబ అవసరాలు, సమాజానికి తప్పనిసరి సేవలు ఉంటే ఆదివారం పని చేయడం తప్పు కాదంది. మన నర్సమ్మలు, బస్సు డ్రైవర్లు బెంగపడక్కర్లేదు. పేదరికం వల్ల విశ్రాంతి లేనివాళ్ళని తీరిక ఉన్నవాళ్ళు గుర్తుంచుకోవాలంది. అనవసరంగా ఇంకొకరి ఆదివారాన్ని పాడుచేసే పనులు పురమాయించొద్దంది. 13వ లియో పోపుగారు 1891లోనే కార్మికుల విశ్రాంతి యజమాని బాధ్యత అని రాశారు. దానికి ఒక్క ఏడాది ముందు, 1890లో, బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే గారు మిల్లు కార్మికుల కోసం పోరాడి ఆదివారం సెలవు సాధించారు. ఆయన క్రైస్తవుడు కాదు. మన ఆజ్ఞని మనకంటే ముందు ఆయన అమలు చేయించాడు, మనం ఒప్పుకోవాలి.

ఇక్కడ అమ్మలు నవ్వుతున్నారు, నాకు కనపడుతోంది. మాస్టారు కూలి దాకా వెళ్ళాడు, వంటింటి దాకా రాలేదు అని. వస్తున్నా. ద్వితీయోపదేశకాండం జాబితాలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంట్లో ఉన్న పరదేశి, అందరూ ఉన్నారు. భార్య లేదు. "నీవు" అన్న మాటలోనే ఆమె కూడా ఉందని పండితులు అంటారు. మన మగవాళ్ళు మాత్రం, లిస్టులో లేదు కదా అని పని చేయిస్తున్నాం. (నవ్వులు, చప్పట్లు) వారం మొత్తంలో ఆడమనిషి ఎక్కువ గిన్నెలు తోమేది ఆదివారమే. మసాలా నూరేది, చుట్టాలకి వడ్డించేది, వారం బట్టలు ఉతికేది ఆదివారమే. యూదుల ఇళ్ళల్లో శుక్రవారం పొద్దుగూకేలోపే వంట ముగించేస్తారు. మన ఇళ్ళల్లో శనివారం రాత్రి పులిహోర కలిపి పెట్టుకుంటే ఏ బిషప్పు గారూ వద్దనరు. పులిహోర మర్నాటికే రుచి.

విదేశాల్లో ఉన్నవాళ్ళ సంగతి మన ఇళ్ళల్లో కూడా ఉంది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన మన ఆడవాళ్ళకి అక్కడ సెలవు శుక్రవారం, గుళ్ళు కిటకిటలాడేదీ శుక్రవారమే. 2015లో అక్కడ చట్టం వచ్చింది, ఇంటిపని వాళ్ళకి వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని. చట్టం ఉంది. తలుపు తీసి, వెళ్ళిరా అనాల్సింది మాత్రం ఆ ఇంటి యజమానురాలు. అక్కడి యజమానురాల్ని మనం తిట్టుకుంటాం. ఇక్కడ మేస్త్రికి ఫోన్ చేసేది మనమే.

విశ్రాంతి దినం శనివారమా ఆదివారమా అని పక్క సంఘం వాళ్ళు అడిగితే కంగారుపడకండి. ప్రభువు సమాధి నుంచి లేచింది వారం మొదటి రోజు, అంటే ఆదివారం. 155 ప్రాంతంలోనే పునీత జస్టిన్ రాశారు, మేం ఆదివారం కూడుకుంటాం, పఠనాలు చదువుకుంటాం, రొట్టె పంచుకుంటాం, ఉన్నవాళ్ళు ఇచ్చింది పేదవాళ్ళకి చేరుతుంది అని. ఆ నాలుగోది మర్చిపోవద్దు. అది కూడా ఆదివారం పూజలో భాగమే.

ఇక నేను ఏం చేశానో చెప్పి ఆపేస్తా. మరుసటేడు మేస్త్రిని పిలిచి, నా చేలో ఆదివారం కోత లేదన్నాను. మేస్త్రి ఏమన్నాడో తెలుసా? "మీకు పుణ్యం, మా వాళ్ళకి పస్తు. ఇంకొకరి చేలోకి పోతారు, అంతేగా" అన్నాడు. నిజమే కదా. అప్పుడు వెలిగింది నాకు, ఆరో రోజు రెండు ఓమెర్లు. విశ్రాంతి ఇవ్వాలంటే ముందు కుండ నింపాలి. వారమంతా నా చేలో కోసినవాళ్ళకి శనివారం సగం కూలి ఎక్కువ ఇస్తానన్నాను. మన్నా లెక్క ప్రకారం పూర్తి కూలి ఇవ్వాలి. దేవుడంత దాతని కాదు, సగం దగ్గర ఆగిపోయాను.

పక్క రైతులు ముగ్గురు ఇంటికొచ్చి, మాస్టారూ, పెన్షన్ వస్తుంది కాబట్టి మీకు సాగుతుంది, మా కూలి రేట్లు పాడుచెయ్యకండి అన్నారు. వాళ్ళ మాటలో న్యాయముంది. పురుగుమందు అప్పు నెత్తిన ఉన్నవాడికి నేను వాక్యం చెప్పలేను. ఆ ఏడు కోతలన్నీ అలాగే జరిపాను. ఆ పై ఏడు ధర పడిపోయింది. మూడు వారాలిచ్చి నాలుగో వారం మానేశాను, ఎవరూ అడక్కపోయినా "ఖర్చులున్నాయమ్మా" అన్నాను. నా నమ్మకం క్వింటా ధర ఎంతుంటే అంత. (నవ్వులు) నవ్వకండి, నిజం. గుంటూరు మిర్చి యార్డుకి కూడా ఆదివారం సెలవే. ఆదివారం కోసినా సోమవారం కోసినా పెద్ద తేడా లేదు, ఎలాగూ పదిరోజులు కల్లం మీద ఎండాలి. అది తెలిసి కూడా నాకు భయమే. భయానికి లెక్కలు రావు.

ఈ ఏడు మళ్ళీ మొదలుపెట్టాను. ఆ అమ్మాయి ఇవాళ పొద్దున మొదటి పఠనం చదివింది, మీరంతా విన్నారు. పేర్లు సరిగ్గానే పలికింది.

ఒక పెద్దాయన టీ దగ్గర అడిగారు, ఆదివారం మబ్బు పడితే కల్లం మీద కాయకి పట్టా కప్పొచ్చా అని. లూకా సువార్త 14లో ప్రభువే అడిగాడు, మీలో ఎవడి ఎద్దయినా విశ్రాంతి దినాన బావిలో పడితే వెంటనే బయటికి తియ్యడా అని. కప్పొచ్చు బాబాయ్. కప్పండి. అందరం వచ్చి నాలుగు చెంగులూ పట్టుకుంటాం.

అయిదవుతోంది, మంచు పడే వేళ. కాయ పరిచి వచ్చినవాళ్ళు ఉన్నారు, తలుపు వైపు చూస్తున్నారు. లేవండి, వెళ్ళి కుప్ప చేసి కప్పుకోండి. ముగింపు ప్రార్థన ఫాదర్ గారు మిగతా వాళ్ళతో చెప్పిస్తారు.